పిలిస్తే పలకని బిడ్డ గడప దాటితే...

ఆటిజం పిల్లలకు ఇంటి కాపలా ఒక్కటే చాలదు. ఊరంతా కన్నేసి ఉండాలి

(మా గ్రామీణ విలేకరి)

జొన్నగిరి: తొలకరి వాన పడిందంటే జొన్నగిరి చేలకు జనం కదులుతారు. తుగ్గలి, పగిడిరాయి, ఎర్రగుడి పొలాల్లో నేల తడిసి, రాళ్లు కడిగినట్లు పైకి తేలితే ఒక్క వజ్రమైనా కంటబడకపోతుందా అన్న ఆశతో చుట్టుపక్కల జిల్లాల నుంచే కాక కర్ణాటక నుంచి కూడా సంసారాలతో వచ్చి దిగుతారు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా తలలు వంచుకుని తిరగడమే పని. అందరి చూపూ నేల మీదే. కనిపించేవన్నీ కొత్త ముఖాలే. అలాంటి రోజున ఏడెనిమిదేళ్ల పిల్లవాడొకడు ఒంటరిగా గట్టు వెంబడి నడిచిపోతుంటే, 'ఎవరి బిడ్డవు నాయనా' అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అడిగినా పలకలేని పిల్లవాడైతే?

పల్లెల్లో ఇలాంటి పిల్లలు లేకపోలేదు. ఈడు వచ్చినా మాట రాదు, వచ్చినా అవసరానికి ఆడదు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పడు. కళ్లలో కళ్లు పెట్టి చూడడు. ఒకే ఆటను గంటల తరబడి ఆడతాడు. ఊరి జనం వాణ్ణి 'మాటలు రానోడు' అంటారు, నోరు జారి 'పిచ్చోడు' అనేవారూ ఉన్నారు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించే వారున్నారు. వైద్యులు దీన్ని ఆటిజం అంటారు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో ఇలాంటి పదకొండు మంది పిల్లల గురించి వివరంగా రాశాడు. ఇది తల్లి పెంపకంలోని లోపం కాదు, దేవుడి శాపమూ కాదు. మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా. ప్రపంచం మొత్తం మీద 127 మందిలో ఒకరికి ఆటిజం ఉందని 2021 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా.

ఈ పిల్లల తల్లిదండ్రులను చదువు బెంగ, మాట బెంగ కంటే ఎక్కువగా పట్టి పీడించే బెంగ మరొకటుంది. బిడ్డ ఎప్పుడు గడప దాటుతాడో తెలియదు. దాటితే ఎటు పోతాడో తెలియదు. దారి తప్పితే పేరు చెప్పలేడు, ఊరు చెప్పలేడు, 'దాహం' అని అడగలేడు. తల్లి పొయ్యి మీద సంగటి కలిపేంతలో, బిందె నింపుకుని వచ్చేంతలో బిడ్డ కనబడకపోతే ఆ ఇంటి వారి పరిస్థితి చెప్పనలవి కాదు.

పారిపోవడం కాదు, ఎక్కడికో పోవడం

'ఎంత చెప్పినా వినడు, కొట్టినా మానడు, మళ్లీ పారిపోతాడు' అని తల్లులు వాపోవడం సహజం. కానీ ఇది మొండితనం కాదు. ఇల్లు వదిలి పోవాలన్న ఉద్దేశం వాడికి ఉండదు. వాడు ఏదో ఒక చోటికి పోతుంటాడు, లేదా ఏదో ఒక బాధ నుంచి తప్పుకుంటుంటాడు. ఈ తేడా తెలిస్తే సగం కాపలా దొరికినట్లే.

ఈ విలేకరి ఎరిగిన ఒక ఇంట్లో మాటరాని పిల్లవాడు ఒకనాటి మధ్యాహ్నం కనిపించకుండా పోయాడు. ఇంటిల్లిపాదీ బస్టాండు వైపు, చెరువు కట్ట వైపు పరుగు తీశారు. చివరకు వాడు పిండి మిషను దగ్గర దొరికాడు. గిర్రున తిరిగే బెల్టును చూస్తూ గోడకు ఆనుకుని హాయిగా కూర్చున్నాడు. అంతకు మూడు రోజుల ముందు వాళ్ల అవ్వ జొన్నలు పట్టించడానికి వాణ్ణి వెంట తీసుకుపోయింది. తిరిగే వస్తువంటే వాడికి ప్రాణం. ఆ బెల్టు మనసులో పడింది, దారి గుర్తుంది, పోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇంటి వారు సాయంత్రం పూట వాణ్ణి మిషను దగ్గరకు తామే నడిపించుకుపోయి కాసేపు కూర్చోబెట్టి తెస్తున్నారు. దాని కోసం ఒంటరిగా గడప దాటడం చాలావరకు తగ్గింది.

అమెరికాలో 2012లో వెలువడిన ఒక పరిశీలన కూడా ఇదే సంగతి చెబుతోంది. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది, అంటే నూటికి 49 మంది, నాలుగేళ్లు దాటిన తర్వాత ఒక్కసారైనా చెప్పకుండా వెళ్లిపోయేందుకు ప్రయత్నించారు. నూటికి 26 మంది ఇంటివారు కంగారు పడేంత సేపు కనిపించకుండా పోయారు. ఎందుకు పోతారని అడిగితే, తిరగడం, పరుగెత్తడం వాడికి సంతోషమని సగానికి పైగా తల్లిదండ్రులు చెప్పారు. ఇష్టమైన చోటికి పోతాడని కొందరు, బెదురు పుట్టించిన చోటి నుంచి తప్పించుకు పోతాడని మరికొందరు అన్నారు.

మన ఊళ్ల సంగతికి వస్తే బెదురుకు కారణాలు బోలెడు. పెళ్లి ఊరేగింపులో డ్రమ్ములు, పీర్ల పండుగకు తప్పెట్లు, దీపావళి టపాకాయలు, చేలో ట్రాక్టరు మోత, ఇంటినిండా చుట్టాలు. మనకు పండుగగా తోచే చప్పుడు ఆ బిడ్డ చెవికి కొరడా దెబ్బలా తగలవచ్చు. చెవులు మూసుకోవడం, గుండ్రంగా తిరగడం, గుమ్మం వైపే చూడటం మొదలైతే వాడు పోబోతున్నాడని గ్రహించాలి. ఏ రోజు, ఏ వేళ, దేనికి ముందు పోయాడో నాలుగు వారాలు ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే కారణం దానంతటదే బయటపడుతుంది. చదువు రాని తల్లయితే బడికి పోయే పెద్ద బిడ్డ చేత రాయించవచ్చు.

నీళ్లే మొదటి గండం

ఇలా తప్పిపోయిన పిల్లల్లో ఎక్కువ మంది ప్రాణాలు తీసేవి నీళ్లు. పైన చెప్పిన పరిశీలనలో, కంగారు పెట్టేంత సేపు కనిపించకుండా పోయిన పిల్లల్లో నూటికి 24 మంది మునిగిపోయే ప్రమాదం అంచుల దాకా వెళ్లి వచ్చారని, 65 మంది వాహనాల కింద పడే ప్రమాదం దాకా వెళ్లారని వారి తల్లిదండ్రులు చెప్పారు. నీటి మెరుపు, నీటి చప్పుడు ఈ పిల్లల్లో చాలా మందిని లాగుతాయి. లోతు అంటే భయం మాత్రం ఉండదు.

కర్నూలు జిల్లా పడమటి భాగం కరువు సీమే. అయినా గండాలకు కరువు లేదు. ఎండిపోయిన వంకలు ఒక్క వానకు నిండి పారతాయి. పొలాల్లో మెట్లు విరిగిన దిగుడు బావులున్నాయి. వాన నీరు నిలిపేందుకు తవ్విన పంట కుంటలున్నాయి. వాటి గట్లు నున్నగా జారతాయి; దిగిన బిడ్డ ఎక్కి రాలేడు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు తుంగభద్ర దిగువ కాలువ, పత్తికొండ వైపు హంద్రీ-నీవా కాలువ ఉన్నాయి. ఇంటి దగ్గర మూత లేని నీళ్ల తొట్టి కూడా చిన్న బిడ్డకు బావితో సమానమే.

పాడుబడిన బోరు గుంతల సంగతి వేరే చెప్పనక్కర లేదు. బోరు వేసేటప్పుడు చుట్టూ కంచె వేయాలని, నీళ్లు పడని బోరును అడుగు నుంచి పైదాకా పూడ్చి వేయాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. ఆ మాట ఎన్ని చేలల్లో అమలవుతున్నదో రైతు సోదరులే తమ పొలం చుట్టూ ఒకసారి నడిచి చూసుకోవాలి.

ఈత నేర్పించడం మేలే. మన వైపు పిల్లలకు నడుముకు బెండ్లు కట్టి బావిలో దించి నేర్పే వాడుక ఉంది. ఓపికగా, పక్కన పెద్దవారు ఉండి నేర్పితే ఆటిజం పిల్లలు కూడా నేర్చుకుంటారు. అయితే ఈత వచ్చింది గదా అని కాపలా సడలించరాదు.

తాడు, తాళం విరుగుడు కావు

దిక్కు తోచని ఇళ్లలో బిడ్డ నడుముకు తాడు కట్టి గుంజకు బిగించి కూలికి పోవడం కద్దు. బయటి నుంచి తాళం వేసి పోవడం మరొకటి. ఆ తల్లిదండ్రులను రాక్షసులని తిట్టడం తేలిక. చేతికి కూలి, నోటికి కూడు అయిన ఇంట్లో రోజంతా ఒక మనిషి బిడ్డ దగ్గరే కూర్చోవడం ఎంత కష్టమో ఆ ఇంటికి పోయి చూస్తేగాని తెలియదు. అయినా ఆ తాడు బిడ్డను కాపాడదని చెప్పక తప్పదు. పాము వచ్చినా, నిప్పంటుకున్నా కట్టి ఉన్న బిడ్డ కదలలేడు, కేక వేయలేడు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయానికి నిప్పంటుకుంది. అక్కడ గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు తప్పించుకోలేక మంటల్లో చిక్కారు. మొత్తం 28 మంది ప్రాణాలు పోయాయి. మానసిక వ్యాధి వేరు, ఆటిజం వేరు. కానీ మంటకు ఆ తేడా తెలియదు. మానసిక రోగులను ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా నిషేధించింది.

మరి ఏం చేయాలి? ఖర్చు తక్కువైన ఉపాయాలు లేకపోలేదు.

గొళ్లెం పైకి మార్చాలి. బిడ్డ చేయి అందని ఎత్తున, తలుపు పై అంచున లోపలి వైపు ఒక చిన్న గడియ వేస్తే చాలు. దాన్ని పెద్దవారు ఎవరైనా చప్పున తీయగలగాలి. బిడ్డ ఒంటరిగా ఉండగా బయటి నుంచి మాత్రం ఎప్పుడూ వేయరాదు. ముక్కాలి పీట, మంచం తలుపు దగ్గర ఉంచకూడదు, ఎక్కి తీస్తాడు.

తలుపుకు ఎద్దు మెడ గంట కట్టాలి. తలుపు కదిలితే గంట మోగుతుంది. పెరట్లో ఉన్న తల్లికి, పక్కింటి వదినకు కూడా వినబడుతుంది. పట్నాల్లో దీనికే మిషన్లు అమ్ముతున్నారు. పల్లెలో గంట చాలు.

బయటికి పోయే వేళ ఒకటి పెట్టాలి. రోజూ ఒకే వేళకు, ఒకే దారిన, చేయి పట్టుకుని తిప్పుకు రావాలి. బయటికి పోవాలంటే చెప్పులు తెచ్చి ఇవ్వాలనో, తలుపు బొమ్మ చూపించాలనో అలవాటు చేస్తే, నోటితో అడగలేని బిడ్డ సైగతో అడగడం నేర్చుకుంటాడు. అడిగిన వెంటనే ఒకటి రెండు సార్లయినా తీసుకుపోతేనే ఆ అలవాటు నిలుస్తుంది.

గుర్తు బిళ్ల మొలతాడుకు వేయాలి. చొక్కాకు కాగితం కుట్టినా, చేతికి పట్టీ కట్టినా చాలా మంది పిల్లలు ఒరుపు ఓర్వలేక పీకేస్తారు. పుట్టినప్పటి నుంచి అలవాటైన మొలతాడు మాత్రం ఉంచుకుంటారు. దానికి ఒక రేకు బిళ్ల వేసి, దాని మీద ఫోను నంబరు చెక్కించి, 'మాట రాదు' అని రెండు మాటలు చేర్పిస్తే తాయెత్తుకు తాయెత్తు, గుర్తుకు గుర్తు. నంబరు మారితే బిళ్ల కూడా మార్చాలి.

ఎక్కడున్నదీ ఫోనుకు తెలిపే గడియారాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. కొనగలిగిన వారికి మేలే. అయితే సిగ్నలు అందని చేలలో, ఛార్జింగు అయిపోయిన వేళ అవి పనికి రావని మరవరాదు.

సుగ్గికి పోయేటప్పుడు, తిరుణాలలో

ఈ ప్రాంతంలో వానలు మొఖం చాటేస్తే ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు వైపు పల్లెలు సుగ్గికి కదులుతాయి. గుంటూరు వైపు మిరప కోతకు, తెలంగాణకు పత్తి తీతకు పిల్లాజెల్లాతో లారీలెక్కుతారు. ఆటిజం ఉన్న బిడ్డకు ఇంతకంటే పెద్ద గండం లేదు. సొంత ఊళ్లో వాణ్ణి ఎరిగిన వారు నలుగురైనా ఉంటారు. పరాయి ఊరి పొలంలో గుడిసె వేసుకున్న చోట వాణ్ణి ఎరిగిన వారు లేరు, తలుపు లేదు, గొళ్లెం లేదు. పక్కనే కాలువ ఉండవచ్చు, రోడ్డు ఉండవచ్చు.

వీలైతే బిడ్డను అవ్వ దగ్గరో, జేజి దగ్గరో ఉంచి పోవడం మంచిది. కానీ ముసలివారి కాళ్లు బిడ్డ వెంట పరుగెత్తలేవు కాబట్టి పక్కిళ్ల వారికి అప్పజెప్పి పోవాలి. వెంట తీసుకుపోక తప్పనప్పుడు, దిగిన రోజే చుట్టూ నీళ్లెక్కడున్నాయో చూసుకోవాలి. మేస్త్రీకి, పక్క గుడిసెల వారికి, ఆ ఊరి చిల్లర అంగడి ఆసామికి బిడ్డను చూపించి, 'అన్నా, వీడికి మాట రాదు. ఒంటరిగా కనబడితే పట్టుకుని కబురు పెట్టు' అని చెప్పాలి. సిగ్గు పడవలసిన పని లేదు. దాచిన జబ్బు లాగే దాచిన బిడ్డ కూడా గండమే.

ఉరుకుంద ఈరన్న స్వామికి శ్రావణమాసంలో, మంత్రాలయానికి ఆరాధన రోజుల్లో, దేవరగట్టుకు దసరా నాడు పోయే జనం సంగతి అందరికీ తెలిసిందే. అంత జనంలో ఇంటి వారందరూ బిడ్డ చుట్టూ ఉన్నట్లే ఉంటారు. తల్లి తండ్రి చూస్తున్నాడనుకుంటుంది, తండ్రి మేనమామ చూస్తున్నాడనుకుంటాడు. చివరికి ఎవరూ చూడరు. దీనికి ఒకటే మందు. బిడ్డ ఎవరి పూచీలో ఉన్నాడో నోటితో చెప్పి అప్పగించాలి. 'ఇంక నువ్వు చూడు' అంటే 'సరే, నేను చూస్తున్నా' అని అవతలి వారు బదులు చెప్పిన తర్వాతే చేయి వదలాలి. పెళ్లిళ్లలోనూ ఇదే పద్ధతి.

కనబడకపోతే మొదటి పది నిమిషాలు

ఎన్ని చేసినా ఒక్కోసారి తప్పిపోతాడు. అప్పుడు అరచుకుంటూ అందరూ ఒకే దారిన పరుగెత్తడం వల్ల పని జరగదు. పని పంచుకోవాలి.

మొదట నీళ్ల దగ్గరికి మనిషిని పంపాలి. ఇల్లంతా వెదికి, వీధంతా వెదికి చివరకు బావి దగ్గరికి పోవడం మన అలవాటు. ఈ పిల్లల విషయంలో అది తలకిందులు కావాలి. బావి, కుంట, కాలువ, నీళ్ల తొట్టి ముందు. ఇల్లు, వీధి తర్వాత. రెండో మనిషి రోడ్డు మీదికి, మూడో మనిషి వాడికి ఇష్టమైన చోటికి పోవాలి. ఒకరు ఇంటి దగ్గరే ఉండాలి; వాడే తిరిగి రావచ్చు.

పేరు పెట్టి ఎంత అరిచినా వాడు పలకకపోవచ్చు. వాడికి నచ్చిన పాట ఫోనులో గట్టిగా పెట్టుకుని వెదకడం మేలు. గుడి మైకులోనూ, మసీదు మైకులోనూ వెంటనే చెప్పించాలి. పేరు చెప్పి ఊరుకోక ఆనవాళ్లు, కట్టుకున్న బట్ట రంగు, మాట రాదన్న సంగతి కూడా చెప్పాలి. దొరికిన వారు చుట్టూ మూగి ప్రశ్నలు వేయరాదు, చెంప మీద కొట్టరాదు. మెల్లగా దగ్గరికి పోయి, నీళ్లిచ్చి, ఇంటివారు వచ్చేదాకా పక్కన కూర్చోవాలి.

అమెరికాలోని న్యూయార్కులో 2013 అక్టోబరు 4న మాటరాని పద్నాలుగేళ్ల బాలుడు బడి నుంచి ఒంటరిగా బయటికి నడిచిపోయాడు. వాడికి రైళ్లంటే ఇష్టమని రైలు స్టేషన్లన్నీ గాలించారు. తల్లి గొంతు రికార్డు చేసి మైకుల్లో వినిపిస్తూ వీధుల్లో తిరిగారు. 2014 జనవరిలో నదీ తీరాన వాడి అవశేషాలు దొరికాయి. 2008లో అయోవా రాష్ట్రంలో తొమ్మిదేళ్ల బాలుడు ఇలాగే నదిలో దిగి చనిపోయాడు. ఈ ఇద్దరి పేర్ల మీద అక్కడ 2018లో 'కెవిన్ అండ్ అవాంటీ' చట్టం తెచ్చి, ఇలాంటి వారిని వెదకడానికి పోలీసులకు శిక్షణ, పరికరాలు సమకూర్చేందుకు నిధులిస్తున్నారు. అంత సంపన్న నగరంలోనే బిడ్డ దక్కలేదంటే మొదటి నిమిషాల విలువ ఎంతటిదో గ్రహించవచ్చు.

ఠాణాకు పోవడానికి సందేహించరాదు. 'ఒక రోజు చూసి రండి' అనే మాట చెల్లదు. పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే వెంటనే కేసు నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలో ఆదేశించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, సంఘటన ఏ ఠాణా పరిధిలో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. సుగ్గికి పోయిన వారికి ఇది ఎంతో ఆదరువు. అత్యవసరానికి 112, పిల్లల సహాయానికి 1098, రైలెక్కినట్లు అనుమానముంటే 139 నంబర్లున్నాయి. తుగ్గలి, పెండేకల్లు, మద్దికెర స్టేషన్లలో రైలెక్కిన బిడ్డ గుంతకల్లు చేరితే, అక్కడి నుంచి బొంబాయి, మద్రాసు, బెంగుళూరు దారులన్నీ తెరిచే ఉంటాయి.

అయిదేళ్లకు, పదేళ్లకు దొరికిన బిడ్డలు

దూరం పోయిన బిడ్డ దొరకడా అంటే, దొరికిన వారూ ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లోని అలహాబాదు దగ్గరి ఆటిజం బాలుడొకడు 2015 జూలైలో తప్పిపోయి, ఎక్కడో అస్సాంలోని గోల్‌పారాలో తేలాడు. పేరు చెప్పలేని ఆ బిడ్డ అయిదేళ్లు అక్కడి పిల్లల ఆశ్రమంలో పెరిగాడు. తెలంగాణ పోలీసులు ముఖాలను పోల్చి చూసే 'దర్పణ్' అనే విధానాన్ని తయారు చేసుకున్నారు. తప్పిపోయిన పిల్లల ఫొటోలను, ఆశ్రమాల్లోని పిల్లల ఫొటోలతో అది సరిచూస్తుంది. ఆ విధంగా 2020లో ఆ బాలుడి ఆచూకీ తెలిసి తల్లిదండ్రుల దగ్గరికి చేరాడు. ఇంటి వారు కేసు పెట్టి ఫొటో ఇచ్చి ఉండబట్టే పోల్చడం సాధ్యమైందన్నది గమనార్హం.

మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ నుంచి 2011లో తప్పిపోయిన మరొక బాలుడు నాగపూర్ చేరాడు. వాడికీ బుద్ధి వికాసం తక్కువ. పేరు సరిగా చెప్పలేడు. ఒక దంపతులు కన్నబిడ్డలా పెంచారు. 2021లో బడి అవసరానికి ఆధార్ కోసం వేలిముద్రలు ఇవ్వబోతే, ఆ వేళ్లకు అప్పటికే ఆధార్ ఉందని తేలింది. పదేళ్ల తర్వాత కన్నవారి చిరునామా అలా బయటపడింది. చిన్న బిడ్డ ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు. అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లకు మరోసారి ఇవ్వాలి. మన ఊళ్లలో 'తర్వాత చూద్దాంలే' అని వదిలేసే పని ఇదే. మాటరాని బిడ్డకు వేలిముద్రే నోరు. ప్రతి ఆరు నెలలకు ఒక కొత్త ఫొటో తీసి ఉంచుకోవడం కూడా అంతే అవసరం.

హక్కుగా రావలసినవి

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించగా వాటిలో ఆటిజం ఒకటి. బిడ్డలో అనుమానం కలిగితే ముందు ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు చెప్పి కర్నూలు పెద్దాసుపత్రి పిల్లల విభాగంలో చూపించాలి. సదరం శిబిరంలో సర్టిఫికెట్ పొందితే పింఛనుకు దారి ఏర్పడుతుంది. రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలకు పెరిగింది. కేంద్రం వారి 'నిరామయ' పథకం కింద ఆటిజం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలు ఇలాంటి పిల్లల కోసమే పెట్టారు. సికింద్రాబాదులో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఒకటి బుద్ధి వికాసంలో తేడాలున్న పిల్లల తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తోంది.

కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి. ఊరి నుంచి మాట నేర్పే గురువు దగ్గరికి వారానికి రెండు సార్లు పోవాలంటే మాత్రం రెండు రోజుల కూలి పోవాలి, బస్సు చార్జీ పెట్టాలి, బస్సులో బిడ్డను పట్టుకుని కూర్చోవాలి. అందుకే చాలా మంది ఒకటి రెండు సార్లు పోయి మానేస్తారు. భవిత కేంద్రాల గురువులు వారానికొక రోజైనా పల్లెలకే వచ్చి తల్లులకు నేర్పే ఏర్పాటు చేస్తే ఎంతో మేలు.

దాని కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే చేయదగిన పనులు మూడున్నాయి. ప్రతి ఠాణాలో, తన పరిధిలోని మాటరాని పిల్లల పేర్లు, ఫొటోలు, వారికి ఇష్టమైన చోట్లు, ఇంటి ఫోను నంబర్లు తల్లిదండ్రుల సమ్మతితో ఒక పుస్తకంలో రాసి ఉంచడం మొదటిది. ఆ పుస్తకానికి బడ్జెట్ అక్కర లేదు. పంచాయతీ వారు పాడు బావులకు, కుంటలకు కంచె వేయించడం, బోరు గుంతలు పూడ్పించడం రెండోది. ఇది మాటరాని బిడ్డలకే కాదు, ఊళ్లోని బిడ్డలందరికీ, గొడ్డూ గోదకూ రక్షణే.

మూడోది ఊరి వారి చేతిలో ఉంది. అలాంటి బిడ్డ ఉన్న ఇంటికి ఒకసారి పోయి, వాడి ముఖం గుర్తు పెట్టుకుని రావడం. వాడికి మీరెవరో తెలియకపోవచ్చు. మీకు వాడు తెలిస్తే చాలు. వాడు ఒంటరిగా నడిచి పోతుంటే, 'మన వీధి పిల్లోడు గదా' అని చేయి పట్టుకునే మనిషి ఒక్కరున్నా, ఆ బిడ్డ ఇల్లు చేరుతాడు. వాళ్ల అమ్మ ఆ పూట నిశ్చింతగా కూలికి పోగలుగుతుంది.